నాలుగు సెకన్లు

మొదటి ఏడు రెండు వందల పన్నెండు మంది.
ఆ కాగితాలు ఇంటికి పట్టుకెళ్ళి
కాలవగట్టు మీద నడుస్తూ పైకి చదివేదాన్ని,
పెళ్ళికి వెళ్ళే ముందు
వరసలు మననం చేసుకునే మనిషిలా.
ఇంటిపేరు తప్పు పలికితే
ఆ ఇంటి గుమ్మం ముందే కాలు జారినట్టు.

ఒకసారి జారాను కూడా.
'యాళ్ళ'ని 'యాల' అన్నాను.
సభ అయ్యాక ఒకాయన వెతుక్కుంటూ వచ్చాడు,
కొత్త తువ్వాలు, పాత చెప్పులు.
"నాకు చదువు రాదు గానండీ,
రేషన్ కార్డు మీద చూశాను,
మాకు రెండు ళలు అండీ, ఒకదాని కింద ఒకటి."
మంచినీళ్ళ డ్రమ్ము పక్కన నిలబడి
ఆయన కూతురి పేరు మళ్ళీ చదివాను.
"అదీ" అని వెళ్ళిపోయాడు.

ఇరవై రెండేళ్ళు.
వరిచేలు రొయ్యల చెరువులైనంత తొందరగా
కొబ్బరితోటల మధ్య కాలేజీలు లేచాయి.
పసుపు బస్సులు లంకరేవుల దాకా వచ్చి
హారన్ కొట్టాయి.
జాబితా లావెక్కింది.
లావెక్కడమే అయితే నాకేం, గొంతు ఉంది, మంచినీళ్ళున్నాయి.
కానీ జాబితా మారింది.
మొదట్లో అవే పది ఇంటిపేర్లు
పేజీ పేజీకీ తిరిగొచ్చేవి.
తర్వాత్తర్వాత నేలపూడి, పితాని, గెడ్డం, సరెళ్ళ,
వలలు అల్లే ఇళ్ళవి, కల్లు గీసే ఇళ్ళవి,
మా తాతలు గట్టు మీంచి
"ఒరేయ్" అని మాత్రమే పిలిచిన ఇళ్ళవి.
నాకా పేర్లు చదవడం ఇష్టం.
ఎందుకని ఎవరూ అడగలేదు, నేనూ చెప్పలేదు.

ఈ ఏడు ఆరువేల మూడు వందల నలభై.
రిజిస్ట్రారుగారు కాలిక్యులేటర్ తీశారు.
పేరుకి నాలుగు సెకన్లు, వెరసి ఏడు గంటలు.
ముఖ్య అతిథికి మధురపూడిలో విమానం.
"పేర్లొద్దు మేడమ్, కోర్సు చదివెయ్యండి.
లేస్తారు, కూర్చుంటారు."
పరీక్షల సెక్షన్ సత్యవేణి నా వైపు చూసి,
తర్వాత ఫ్యాను వైపు చూసింది.
ఇన్నాళ్ళకి ఈ పేర్లన్నీ నడిచొచ్చేసరికి
చదవడానికి టైము లేదు.

"బి.కాం." అన్నాను మైకులో.
నల్ల గౌన్లన్నీ ఒక్కపెట్టున లేచాయి,
చెరువు గుంజల మీది నీటికాకులు
రెక్కలు ఆరబెట్టుకున్నట్టు చేతులు చాచాయి.
వెనక షామియానా కింద అమ్మలూ నాన్నలూ
ఆ నలుపులో తమ నలుపేదో వెతుక్కుంటూ
ఫోన్లు ఎత్తి పట్టుకున్నారు,
ఎవరికి తోచిన వైపు వాళ్ళు చప్పట్లు కొట్టారు.
"కూర్చోండి" అన్నాను.

పదకొండు నిమిషాల్లో అయిపోయింది.
పులిహోర పొట్లాలు మాత్రం సరిపోలేదు.

సాయంత్రం నరసాపురం రేవులో పంటు ఎక్కాను.
గౌను మడిచి చంకలో పెట్టుకున్నాడో అబ్బాయి,
సోమవారం తిరిగిచ్చేస్తే
అయిదు వందలు వెనక్కొస్తాయి.
"పేరేంటి బాబూ?" అన్నాను.
హాల్ టికెట్టు చివరి నాలుగంకెలు చెప్పాడు.
నాలిక్కరుచుకుని, అప్పుడు పేరు.

రెయిలింగ్ పట్టుకుని, సభలో గొంతుతో,
"మల్లాడి దుర్గా ఉదయ్, బి.కాం., ప్రథమ శ్రేణి."
నాలుగు సెకన్లే పట్టింది.
ఎదురుగాలికి ఇంకో సెకను.
ఏం చెయ్యాలో తెలీక వాడు
గౌను ఈ చంకలోంచి ఆ చంకలోకి మార్చుకున్నాడు.
మోటారుసైకిళ్ళ మధ్య నుంచి
ఇంకో ఇద్దరు దగ్గరికి జరిగారు.
వాళ్ళవీ చదివాను.

ఖాళీ రొయ్యలగంప బోర్లించి కూర్చున్న ఆవిడ
"నాదీ చదవండమ్మా" అంది.
ఏం చదివావు అనబోయి నోరు మూసుకున్నాను.
"సంగాని మంగాయమ్మ" అంది తనే.
చదివాను.
ఆవిడ లేచి నిలబడింది,
కొంగు సర్దుకుని, ఏటి వైపు తిరిగి.

కూర్చోమని నేననలేదు.

టికెట్ల కుర్రాడు చిల్లర గలగలలాడిస్తూ వచ్చి
"మొత్తం ఎంతమందండీ?" అన్నాడు.